కొత్తిమీర పచ్చడి పక్కన

నమోదు 63

రెండో వీధిలో ఆఖరి ఇల్లు ఈ రోజుతో పూర్తయింది. ఆ ఇంట్లో అత్తాకోడళ్లకు ఒక ఫొటో దగ్గర పేచీ వచ్చింది. అది 'పెళ్లి' అరలో ఉండాలని కోడలు, 'మావాళ్లు' అరలో ఉండాలని అత్త. సరే, రెండు చోట్లా పెట్టమని ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. ఒక వస్తువుకు ఒకటే చోటు, బీరువాకు అదే మొదటి నియమం అని చెప్పాను. ఫొటో 'పెళ్లి' అరలోకి పోయింది. అత్తగారు నాకు మజ్జిగ ఇవ్వలేదు.

లోనూరులో ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా ఇదే గొడవ. పోయిన నెల కొండపైన వీచిన దుమ్ముగాలికి సౌరపలకలు సగం పాడయ్యాయి. కొత్తవి చేసుకునే వీలు ఎండాకాలం పోయేదాకా లేదు, ఎండాకాలంలో పైకి వెళ్లిన మనిషి తిరిగి రాడు. మిగిలిన కరెంటు ఫ్యాన్లకు కావాలి. కొండ కడుపులో బతికే ఊరికి తిండి లేకపోయినా రెండు పూటలు గడుస్తుంది, గాలి లేకపోతే గడవదు. అందుకని చల్లగదిలో పగలూ రాత్రీ నడిచే పాత కంప్యూటర్ పెట్టెల్ని ఆపేస్తున్నారు. తాతల కాలం నుంచి మేము వాడుకుంటున్న ఏడు పనిముట్లూ ఆ పెట్టెల్లోనే ఉన్నాయి. రాసుకోవడానికి చీటీ, మాట్లాడి దాచుకోవడానికి గొంతు, వంటలకు వంటిల్లు, తేదీలకు పంచాంగం, ఫొటోలకు బొమ్మలు, చేయాల్సిన వాటికి పనిపట్టీ, పెళ్లిళ్లు కుదిరిన ఇళ్లకు పెళ్లిపందిరి. వాటిని తయారుచేసిన కంపెనీలు ఎప్పుడో పోయాయి. అవి మాత్రం మా కరెంటు తింటూ ఉన్నాయి.

వాటి బదులు ఇప్పుడు అందరికీ తెర మీద తెరుచుకునే ఒకటే బీరువా. కొన్నేళ్లుగా ఇష్టమైనవాళ్లు వాడుకుంటున్నదే, ఇప్పుడు తప్పనిసరి చేశారు. ఇల్లిల్లూ తిరిగి ఏడు చోట్ల చెదిరిపోయినవన్నీ తెచ్చి అందులో అరలవారీగా పెట్టడం నా ఉద్యోగం. ఊళ్లో నన్ను బీరువాయన అంటున్నారు. పెంచలయ్య అనే పేరు ఒకటుందని మరిచిపోయినట్టున్నారు. నాకేం అభ్యంతరం లేదు.

కొత్తగా చేరినవాళ్లకు నా సొంత బీరువానే నమూనాగా చూపిస్తారు. నా భార్య హైమవతి పోయి నాలుగేళ్లయింది. ఆమె ఫొటోలు, గొంతు, వైద్యం కాగితాలు, ఇంటి విషయాలు అన్నీ అప్పుడే అందులో సర్దాను. ఏది ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను.

ఈ నమోదు ఉద్యోగులందరూ రాయాల్సిందే. బీరువాలో మనిషికింత అని ఇచ్చిన వాటాలోంచి దీనికి చోటు పోదు, చదివేవాళ్లూ లేరు. అందుకే కొంచెం తీరిగ్గా రాస్తున్నాను.

నమోదు 64

ఈ రోజు ఇంటికి కాదు, ఫ్యాన్ల గదికి వెళ్లాను. ఊరి గాలి మొత్తం చూసే పెద్ద చౌడేశ్వరి. అరవై దాటాయి. పెళ్లి చేసుకోలేదు, ఎవరి మాటా చెవిన వేసుకోదు, తన పని తనకన్నా బాగా తెలిసినవాళ్లు పుట్టలేదని గట్టి నమ్మకం. ఆ నమ్మకం తప్పని ఇంతవరకూ ఎవరూ చూపలేదు కూడా.

ఆమె ఏడు పనిముట్లూ తెరిచి చూశాను. ఫిల్టర్లు కడిగే మందు పాళ్లు వంటిల్లులో ఉన్నాయి, కొత్తిమీర పచ్చడికీ ఉలవచారుకీ మధ్య. తూర్పు వాల్వు ఫొటో ఒకటే నాలుగు చోట్ల ఉంది. పంచాంగంలో ఎప్పుడో గడిచిపోయిన తేదీల కింద ఫ్యాన్ల మరమ్మతులు రాసి ఉన్నాయి. అన్నింటికన్నా ఘోరం పెళ్లిపందిరి. చెల్లెలి కూతురి పెళ్లికి బంతి భోజనాల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో గీసిన పటం అది. అందులో పెళ్లివాళ్ల పేర్ల మధ్యన సొరంగాల తలుపుల పేర్లు. మేనమామ పక్కన ఏడో తలుపు, వియ్యపురాలి పక్కన పదో తలుపు.

ఇదేమిటి మేడం అని అడిగాను.

"ఆ పెండ్లి ఏడాది వరస అది. ఏడోది తెరిచినాక పదోది తెరవాల," అంది. "మేనమామ తిన్యాకనే గదా వియ్యపురాలికి వడ్డించేది. మరిచిపోతామా అది?"

మరి మందు పాళ్లు వంటల్లో ఎందుకని అడిగాను. అది వంట కాక మరేమిటని ఎదురు ప్రశ్న వేసింది. సున్నం ఇంత, ఉప్పు ఇంత, గోరువెచ్చని నీళ్లలో కలపాలి. మాటకు మాట అప్పజెప్పడంలో కూడా ఆమెను మించినవాళ్లు లేరు.

ఒప్పుకోదనుకున్నాను. కానీ కరెంటు చూసే దస్తగిరి అంతకుముందే వచ్చి లెక్క చెప్పి వెళ్లాడట. పెట్టెలు ఆపకపోతే మూడో వీధి ఫ్యాను ఎండాకాలం మధ్యలో ఆగిపోతుంది. "కరెంటు నా ఫ్యాన్లకే గదబ్బీ," అంది. "తీస్కపో. నీట్‌గా పెట్టు."

నమోదు 66

చౌడేశ్వరిది పూర్తయింది. ఇన్నేళ్లలో నేను చేసిన పనుల్లో ఇది ముందు వరసలో ఉంటుందని మొహమాటం లేకుండా రాస్తున్నాను.

'గాలి' అని పెద్ద అర. దాని కింద ఫ్యాన్లు, ఫిల్టర్లు, వాల్వులు, తలుపులు, గాలి మళ్లింపు. వంటలు వంటల్లోకి, పెళ్లి పెళ్లిలోకి, చెల్లెలి గొంతులు 'మావాళ్లు'లోకి వెళ్లాయి. ఒకే ఫొటో నాలుగు చోట్ల ఉంటే మూడు తీసేశాను. అలాంటి రెండో కాపీలు వందల్లో ఉన్నాయి. అవన్నీ పోయేసరికి ఆమె సామాను సగానికి సగం తగ్గింది. తలుపుల వరస పెళ్లివాళ్ల పేర్లు లేకుండా శుభ్రంగా రాసిపెట్టాను.

ఆమె వచ్చి నిలబడి పైనుంచి కింది దాకా చూసింది. బాగుందంది. నిజంగానే అన్నట్టుంది. వేలిముద్ర వేసింది. పాత పెట్టెలు ఇంకా పది పదిహేను రోజులు చల్లగదిలో ఉంటాయి, ఎవరూ తెరవకుండా తాళం వేశారు. తర్వాత ఆపేస్తారు.

ఎండాకాలం మొదట్లో ఊరికి గాలి మళ్లించాలి. చలికాలమంతా పడమటి సొరంగం నుంచి గాలి లోపలికి వస్తుంది. ఎండలు ముదిరితే ఆ గాలి నిప్పు. అప్పుడు దాన్ని ఆపి పాత గనుల చల్లటి అడుగు నుంచి లాగాలి. తలుపులు ఒక వరసలో తెరవాలి, ఒక వరసలో మూయాలి. వరస తప్పితే గనుల్లో నిలవున్న చెడుగాలి వీధుల్లోకి వస్తుంది. ఏటా ఆ పని చేసేది చౌడేశ్వరే.

నమోదు 71

మూడో వీధిలో మూడు రోజులుగా తలనొప్పులు. కుళ్లిన గుడ్డు వాసన వస్తోందని ఒకరిద్దరు అన్నారు. అసలు మళ్లింపుకు ముందు చిన్నగా ఒక తలుపు తెరిచి చూడటం ఆనవాయితీ. ఈసారి ఆ చిన్న పనే తేడా కొట్టింది.

దస్తగిరి నన్ను పిలిచి ఫ్యాన్ల గదికి వెళ్లమన్నాడు. నేను సర్దిన బీరువాలో చౌడేశ్వరికి ఏదీ దొరకడం లేదట. అది బీరువా తప్పు కాదని నాకు తెలుసు. ఎలా వెతకాలో ఓపిగ్గా చూపించాను. 'వాల్వు' అని కొడితే వాల్వులన్నీ వచ్చాయి. వరసగా, చక్కగా, ఇరవై ఏళ్ల వాల్వులు. ఆమె వాటిని చూస్తూ కూర్చుంది. మధ్యలో ఆమె కుడిచేయి తనంతట తనే లేచి తెర ఎడమ మూలకు పోయింది, అక్కడేమీ లేక ఆగిపోయింది. మళ్లీ లేచింది. మళ్లీ ఆగింది.

"ఇది కాదు," అంది. "ఇదీ కాదు. అన్నీ ఒగటే మాదిరుండాయి."

అప్పుడు నాకు ఒక లోపం కనిపించింది. బీరువాలోకి తెచ్చినప్పుడు ప్రతిదానికీ తెచ్చిన రోజు తేదీయే పడింది. ఇరవై ఏళ్ల మళ్లింపులన్నీ ఒకే రోజున జరిగినట్టున్నాయి. హమ్మయ్య, ఇదన్నమాట అసలు సంగతి అనుకుని చల్లగది నుంచి అసలు తేదీలు తెప్పించి సాయంత్రంలోగా అన్నీ దిద్దాను. మళ్లీ ఆమెకు చూపించాను.

ఆమె చూసి, మంచిపని చేసినావంది. తర్వాత కూడా ఏదీ దొరకలేదు.

నమోదు 72

ఊరి కమిటీ కూర్చుంది. చౌడేశ్వరికి వయసైపోయిందని ఒకరన్నారు. జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టాలన్నారు. వారం గడువు. తప్పితే ఆమెను ఆకుల గదికి పంపుతారు, కరెంటు దీపాల కింద పళ్లాల్లో పెరిగే ఆకుకూరలు కోసే పని. అక్కడ ఎవరికీ గౌరవం తక్కువేం కాదు. కానీ ఆమె ఆ మాట విన్నప్పుడు ముఖం చూశాను. చిన్నబోయింది అంటే సరిపోదు. ఆమె అందరి ముందూ తల దించుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

పరీక్ష అయ్యేదాకా ఆమె బదులు ఇద్దరు కుర్ర ఇంజనీర్లను నియమించి, నేను సర్దిన 'గాలి మళ్లింపు' అర ఇచ్చి చదివి చేయమన్నారు. వాళ్లు తెలివైనవాళ్లే. నా అర చదివారు. ఒక ఏడాది ఏడో తలుపు ముందన్నారు, మరో ఏడాది పదోది ముందు. ఈ ఏటికి ఏది? అన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఒక్కటీ తప్పు కాదు, ఏది ఇప్పటిదో చెప్పే మాట మాత్రం ఒక్కటీ లేదు. ఇద్దరూ తలలు పట్టుకున్నారు. నాకు సిగ్గేసింది అని రాస్తే అతిశయోక్తి కాదు.

మూడో వీధిలో ఇద్దరు పెద్దవాళ్లను రెండో వీధికి మార్చారు. ఫొటో కోసం నాతో పేచీ పెట్టుకున్న అత్తగారింట్లోనే వాళ్లకు చోటిచ్చారు.

నమోదు 74

దస్తగిరిని బతిమాలి ఒక్క మధ్యాహ్నానికి చల్లగది తాళం తీయించాను. పాత పెట్టె వెలిగించి చౌడేశ్వరిని ముందు కూర్చోబెట్టాను. నేను వెనక నిలబడ్డాను.

ఆమె వంటిల్లు తెరిచింది. కొత్తిమీర పచ్చడి దగ్గర ఆగింది. పక్కనే ఫిల్టర్ల మందు. అక్కడి నుంచి గొంతులోకి వెళ్లింది, చెల్లెలు ఏదో తలుచుకుని పగలబడి నవ్వుతున్న గొంతు. ఆ నవ్వు కింద తూర్పు వాల్వు ఫొటో. నేను రెండో కాపీ అని తీసేసిన ఫొటోల్లో అదొకటి. అక్కడి నుంచి పంచాంగంలో ఆ ఏడు. అక్కడి నుంచి పెళ్లిపందిరి. చేయి ఎక్కడా ఆగలేదు. కూరలో ఉప్పు చూసినంత సేపట్లో ఈ ఏటి వరస దొరికింది.

చెల్లెలి కూతురి పెళ్లి నాటి ఎండాకాలం తొందరగా వచ్చిందట, వడగాడ్పు ముందే కొట్టిందట. ఈసారీ అంతే. కాబట్టి ఆ ఏటి వరసే. మేనమామ తర్వాత వియ్యపురాలు. అక్కడి నుంచే ఫ్యాన్ల గదికి చెప్పి పంపింది, ముందు చూడటానికి తెరిచిన పదోది మూసి ఏడోది తెరవమని. సాయంత్రానికి మూడో వీధిలో వాసన పోయింది.

వీటిని ఎలా వెతుకుతావని అడిగాను.

"నేను ఎతకనబ్బీ," అంది. "నడుస్తా. ఈ ఇంటి పక్కన ఆ ఇల్లు, ఆ ఇంటి పక్కన ఈ ఇల్లు. నువ్వు మా ఊరంతా పీకి, ఇండ్లన్నీ ఒకపక్క, చెట్లన్నీ ఒకపక్క, మనుషులనంతా ఒకపక్క పేర్చినావు. ముచ్చటగానే ఉండాది. నేను యాడికి పోవాల?"

కోపంగా అనలేదు. దారి చెప్పినట్టు చెప్పింది. ఆ నాలుగు కాపీలు నాలుగు దారులని నాకు అప్పటికి అర్థమైంది. ఫొటో ఒకటే కావచ్చు, నాలుగు పక్కల నుంచి దాని దగ్గరికి రావచ్చు. నేను మూడు దారులు మూసేసి, చోటు కలిసొచ్చిందని సంతోషపడ్డాను.

నమోదు 75

ఆమె పక్కపక్కలను బీరువాలో తిరిగి కట్టగలనేమోనని చూశాను. ఒక్కో వస్తువు చూపించి దీని పక్కన ఏముండేదని అడిగాను. ఆమె చెప్పలేకపోయింది. నడుస్తుంటే తెలుస్తుంది, నిలబెట్టి అడిగితే తెలియదు. పోనీ పాత పెట్టెలో ఉన్నది ఉన్నట్టుగా తెద్దామంటే బీరువా ఒప్పుకోదు. ఒక వస్తువుకు ఒకటే చోటు. ఆ నియమం రాసినవాళ్లలో నేనూ ఉన్నాను.

దస్తగిరి దగ్గరికి వెళ్లి, ఆమె పాత పెట్టె ఒక్కదాన్ని ఆపకుండా ఉంచమని అడిగాను. అతను మొండివాడేం కాదు, ఫ్యాన్ల కోసం తన ఇంట్లో దీపాలు కూడా తగ్గించుకున్నవాడు. లెక్క ముందు పెట్టాడు. బీరువాలో తమవి దాచుకోవడానికి ఊళ్లో ప్రతి మనిషికీ కొంత కరెంటు వాటా ఉంది. ఆ పాత పెట్టె ఇద్దరి వాటా తింటుంది. చౌడేశ్వరి తన వాటా ఇస్తుంది సరే, ఇంకొకరిది కావాలి.

"ఎవురిస్తారన్నా?" అన్నాడు. "వాటా ఇచ్చినోళ్ల బీరువా పోతాది. నేను మా ఇంట్లో చెప్పలేను. నువ్వు మంది ముందర నిలబడి అడగగలవా?"

అడగలేనన్నాను. ఇన్ని ఇళ్లు తిరిగినవాణ్ని, ఎవరి అరలో ఏముందో నాకు తెలుసు. పిల్లల మొదటి మాటలు, పోయినవాళ్ల గొంతులు. ఎవర్ని అడుగుతాను? పరీక్షకు నాలుగు రోజులే ఉన్నాయి. బీరువా ముందు కూర్చోబెట్టి పరీక్ష పెడతారు. ఆమె తప్పుతుంది. గాలి మళ్లింపు ఆ కుర్రవాళ్ల చేతికి పోతుంది, వాళ్లకు ఆధారం నేను సర్దిన చక్కటి అర ఒక్కటే.

ఇంటికి వస్తూ ఇంకొక వాటా గుర్తొచ్చింది.

నమోదు 76

నా బీరువా తెరిచాను.

అన్నీ ఉన్న చోటే ఉన్నాయి. 'హైమవతి' అర కింద ఫొటోలు, గొంతు, వైద్యం, ఇల్లు, ప్రయాణాలు. ప్రయాణాలంటే ఏడాదికి ఒకసారి చలికాలంలో కొండపైకి వెళ్లినవే. ఒక్కో వస్తువు పక్కన అది ఆఖరిసారి ఎప్పుడు తెరిచారో గుర్తు ఉంటుంది. రోజూ అందరి బీరువాల్లోనూ చూసేదే, నా దాంట్లో ఎప్పుడూ చూడలేదు. పైనుంచి కిందిదాకా అన్నింటికీ ఒకటే తేదీ, నాలుగేళ్ల కిందట నేను వాటిని సర్దిన రోజు. ఆ తర్వాత ఒక్కటి కూడా తెరవలేదు.

ఏది ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఏదైనా వెతుక్కోవాల్సి వస్తే కదా ఇంకొకటి కాళ్లకు తగిలేది. నాకు ఏదీ తగల్లేదు. నాలుగేళ్లపాటు ఆమెను చాలా భద్రంగా ఉంచాను, ఆమె దగ్గరికి మాత్రం వెళ్లలేదు. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది, వస్తే రానీ.

గొంతులు ఒక్కొక్కటీ వినడం మొదలుపెట్టాను. పుట్టినరోజుకు పాడిన పాట ఉంది, ఆసుపత్రి నుంచి మాట్లాడినవి ఉన్నాయి. నాకు ఎక్కువ నచ్చింది 'ఇల్లు' అరలో అడుగున ఉన్న చిన్న ముక్క. వంట మధ్యలో మాట్లాడినట్టుంది, వెనక గిన్నెల చప్పుడు. వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మని. ఆ రోజు నేను ఆకుల గదికి వెళ్లి పుదీనా తెచ్చానని గుర్తొచ్చింది. దానికోసం ఆమె అన్నం తినేంతసేపూ నన్ను ఆటపట్టించింది. అది ఏ అరలోనూ లేదు, ఇప్పుడే ఎక్కడి నుంచో వచ్చింది.

నమోదు 77

పొద్దున్నే దస్తగిరికి వాటా రాసిచ్చాను. నిజంగానే ఇస్తున్నావా అని రెండుసార్లు అడిగాడు. నేను నవ్వి, నాకు ఈ నమోదు మిగులుతుంది కదా అన్నాను. అతనికి నవ్వు రాలేదు. మంచి మనిషి.

తర్వాత చౌడేశ్వరి దగ్గరికి వెళ్లాను. విషయం అప్పటికే ఆమెకు తెలిసిపోయింది, లోనూరులో గాలికన్నా మాట ముందు పోతుంది. నన్ను చూసి తిట్టడం మొదలుపెట్టింది. ఎవడు ఇమ్మన్నాడు, నేను అడిగానా, పరీక్ష తప్పితే ఆకులు కోసుకు బతకలేనా అని. బాగా తిట్టింది. కన్నీళ్లు తుడుచుకుంటూ తిట్టింది. అయిపోయాక, ఒక చిన్న వస్తువు పెట్టడానికి నీ పెట్టెలో చోటుంటుందా అక్కా అని అడిగాను. మేడం అనడం ఎప్పుడు మానేశానో తెలియదు.

కొత్తిమీర తెమ్మన్న హైమవతి గొంతు విన్నది. మళ్లీ విన్నది.

"యాడ పెడదాం?" అంది.

నీ ఇష్టం, నాకు సర్దడం చేతకాదన్నాను. ఆమె నా వంక చూసి నవ్వింది. వంటిల్లు తెరిచి, కొత్తిమీర పచ్చడికీ ఫిల్టర్ల మందుకీ మధ్యన పెట్టింది. కొత్తిమీర పక్కన కాక ఇంకెక్కడ పెడతారంది. ఇంకో కాపీ తీసి తూర్పు వాల్వు పక్కన కూడా పెట్టింది. రెండు చోట్లా ఎందుకని అడగబోయి ఊరుకున్నాను.

సాయంత్రం నా బీరువా ఆపేశారు. తెర మీద ఖాళీ అరలు కాసేపు కనిపించాయి, తర్వాత అవీ పోయాయి. గోడ మీద హైమవతి ఫొటో ఒకటుంది, మొదటి నుంచీ ఉన్నదే. దుమ్ము తుడిచాను.

నమోదు 80

పరీక్ష పాత పెట్టె ముందే పెట్టారు. కమిటీ వాళ్లు అడిగిన ప్రతిదానికీ ఆమె సమాధానం చెప్పింది, మధ్యలో వాళ్లు అడగని ఉలవచారు పాళ్లు కూడా చెప్పింది. ఇక ఆకుల గది మాట ఎవరూ ఎత్తలేదు. ఆ కుర్ర ఇంజనీర్లిద్దరినీ ఆమె దగ్గరే ఉంచారు. వాళ్లతో తన పెట్టెలో రోజూ నడిపిస్తోంది. మొదటి రోజు ఇద్దరూ పెళ్లిపందిరిలో దారి తప్పారట.

ఈ రోజు గాలి మళ్లింపు. పైన ఎండ మండిపోతోందని, పలకల దగ్గరి కెమెరా కూడా పని చేయడం మానేసిందని దస్తగిరి చెప్పాడు. ఫ్యాన్ల గదిలో అందరం నిలబడ్డాం. నాకు అక్కడ పనేమీ లేదు, రమ్మని చౌడేశ్వరక్క కబురు పెట్టింది. పడమటి తలుపులు మూశారు. కాసేపు ఊరంతా గాలి ఆగిపోయింది. ఏటా ఆ కాసేపు ఎవరూ మాట్లాడరు.

ఆమె పెట్టె ముందు కూర్చుని నడుస్తోంది. ఫిల్టర్ల మందు దగ్గర ఆగి పాళ్లు చెప్పింది, ఒక కుర్రవాడు కలిపాడు. ఆమె చేయి పక్కకు జరిగింది. గది నిండా హైమవతి గొంతు వినిపించింది, గిన్నెల చప్పుడుతో సహా.

"ఏవండీ, వచ్చేటప్పుడు ఆకుల గదిలో కొత్తిమీర తెండి. మొన్నట్లా మళ్లీ తోటకూర తెచ్చేరు."

అందరూ నా వైపు తిరిగారు. చౌడేశ్వరక్క తిరగలేదు, దాని పక్కనుంచే తూర్పు వాల్వు దగ్గరికి పోయింది. ఏడో తలుపు తెరవమంది. తర్వాత పదోది. కొండ అడుగు నుంచి చల్లటి గాలి బయల్దేరి వచ్చి ముఖానికి తగిలింది. మంచి గాలి, ఏ వాసనా లేదు.

ఇంటికి వచ్చే దారిలో ఆకుల గదికి వెళ్లాను. చిన్న కట్ట కొత్తిమీర కోసిచ్చారు. పుదీనా కాదు కదా అని రెండుసార్లు వాసన చూసుకున్నాను.